‘ఇటివ్వు, నేను చేస్తా’ అనకుండా ఉండగలరా? రోబోటిక్స్ కోచ్‌లు కాబోయే పేరెంట్స్‌కి ఒక పాఠం



వచ్చే నెల నుంచి మన క్యాంపస్‌లో రోబోటిక్స్ టీమ్‌లకు శనివారం ప్రాక్టీస్ మొదలవుతుంది. ఒక్కో టీమ్‌కి ఇద్దరు పెద్దవాళ్లు కోచ్‌లుగా కావాలి. జీతం ఉండదు, టీ బిస్కెట్లు మాత్రం ఉంటాయి. మొన్నటి పేరెంట్ టీచర్ మీటింగ్‌లో ఈ మాట చెప్పగానే ఎక్కువమంది ఒకటే అన్నారు: “నాది బీకామ్ మేడమ్, రోబోల గురించి నాకేం తెలుసు?” ఇంకొందరు ధైర్యంగా, “నేను సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నా మేడమ్, కోడింగ్ అంతా నేను చూసుకుంటా” అన్నారు.

నిజం చెప్పాలంటే, ఈ ఇద్దరిలో నాకు ఎక్కువ భయం రెండోవారి విషయంలోనే. ఎందుకో చెప్పాలంటే ముందు నా తప్పు ఒకటి మీకు చెప్పాలి.

పోయిన ఏడాది నేను చేసిన పని

ఒక ఇంటర్ స్కూల్ పోటీకి ఏడో తరగతి పిల్లల టీమ్‌ని తయారు చేస్తున్నాను. రోబో ఒక మీటను పైకి ఎత్తాలి. దానికి కావలసిన చేతిని ఒక అమ్మాయి మూడు వారాలు కూర్చుని కట్టింది. చేయి మీట దాకా చక్కగా వెళ్తుంది కానీ ఎత్తలేక ఆగిపోతుంది. పోటీ తెల్లారితే ఉంది. సాయంత్రం పిల్లలు బస్సెక్కి వెళ్లిపోయారు. నేను ల్యాబ్‌లోనే ఉండిపోయాను. ఆ చేతిని విప్పేసి, పన్నెండు పళ్ల గేరుతో ముప్పై ఆరు పళ్ల గేరును తిప్పేలా మళ్లీ కట్టాను. వేగం మూడో వంతుకు తగ్గింది, బలం దాదాపు మూడింతలైంది. మీట లేచింది. చాలా సంతోషంగా ఇంటికి వెళ్లాను.

మర్నాడు టేబుల్ మీద రోబో బాగానే ఆడింది. తర్వాత జడ్జిల గదిలోకి వెళ్లాం. అక్కడ కోచ్ నోరు విప్పకూడదు. ఒక జడ్జి ఆ అమ్మాయిని చాలా మెత్తగా అడిగారు: “ఇక్కడ గేర్లు ఎందుకు పెట్టారమ్మా?” ఆ పిల్ల నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. “తెలీదు సర్, మిస్ మార్చారు” అంది.

మాకు ప్రైజ్ రాలేదు. ఆ బాధ రెండు రోజుల్లో పోయింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆ అమ్మాయి నా పక్కన కూర్చుని అడిగిన మాట మాత్రం ఇప్పటికీ పోలేదు. “మిస్, నేను కట్టింది అంత చెత్తగా ఉందా?”

నేను ఆమెకు సాయం చేశాననే అనుకున్నాను. ఆమెకు అర్థమైంది వేరు. ‘నీ వల్ల కాదు’ అని నేను నోటితో అనలేదు, చేత్తో అన్నాను. తర్వాత రెండు వారాలు ఆ పిల్ల ల్యాబ్ వైపు రాలేదు.

అందుకే ఈ ఏడాది కోచ్‌లకు ముందుగా నేర్పాలనుకున్నది కోడింగ్ కాదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడటం. వినడానికి సులువుగానే ఉంటుంది. ప్రయత్నిస్తే తెలుస్తుంది ఎంత కష్టమో.

ముందు ఈ పోటీలు ఏమిటో తెలుసుకుందాం

పిల్లల రోబోటిక్స్ పోటీల్లో ప్రపంచమంతా తెలిసిన పేరు ఫస్ట్ లెగో లీగ్. అమెరికాలో డీన్ కామెన్ అనే ఇన్వెంటర్ 1989లో ‘ఫస్ట్’ సంస్థను మొదలుపెట్టారు. రెండు చక్రాల సెగ్‌వే బండిని తయారు చేసింది కూడా ఆయనే. క్రీడాకారులను చూసి పిల్లలు ఎలా ఉత్సాహపడతారో, సైన్స్ చూసి కూడా అలాగే ఉత్సాహపడాలన్నది ఆయన ఆలోచన. 1992లో హైస్కూల్ పిల్లల మొదటి పోటీ ఒక స్కూల్ జిమ్‌లో 28 టీమ్‌లతో జరిగింది. చిన్న పిల్లల కోసం లెగో కంపెనీతో కలిసి 1998లో ఫస్ట్ లెగో లీగ్ మొదలైంది. ఇప్పుడు మన దేశంలో కూడా పిల్లలు ఇందులో పాల్గొంటున్నారు.

ఇందులో ఛాలెంజ్ అనే విభాగం మన దగ్గర 9 నుంచి 16 ఏళ్ల పిల్లలకు. టీమ్‌లో పదిమంది వరకు ఉండొచ్చు. రోబోకు టేబుల్ మీద దొరికే సమయం రెండున్నర నిమిషాలు, అంటే 150 సెకన్లు. ఆ సమయంలో అది రిమోట్ లేకుండా, పిల్లలు ముందే రాసిన ప్రోగ్రామ్‌తో తనంతట తాను పనులు చేయాలి. ప్రతి ఏడాదీ కొత్త థీమ్, కొత్త పనులు ఉంటాయి. కాబట్టి ఏ ఏడాది రూల్ బుక్ ఆ ఏడాది మొదటి నుంచి చదవాల్సిందే.

పేరెంట్స్‌లో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. మనం వీడియోల్లో చూసే ఆ రోబో ఆట మొత్తం మార్కుల్లో నాలుగో వంతు మాత్రమే. ఇటీవలి సీజన్లలో మిగతా మూడు భాగాలకూ అంతే విలువ ఉంది. ఒకటి, రోబోను ఎలా ఆలోచించి తయారు చేశారో వివరించడం. రెండు, థీమ్‌కు సంబంధించిన ఒక నిజమైన సమస్యను ఎంచుకుని, తెలిసినవాళ్లను కలిసి మాట్లాడి, పరిష్కారం సూచించడం. మూడు, టీమ్ ఒకరితో ఒకరు ఎలా మెలిగారన్నది. అంటే ముప్పావు వంతు మార్కులు పిల్లల నోటి నుంచి, నడవడిక నుంచి రావాలి. రాత్రికి రాత్రి మనం గేర్లు మార్చి తెచ్చిపెట్టగలిగేవి కావు.

ఈ పోటీల్లో తరచూ వినపడే మాట ‘గ్రేషియస్ ప్రొఫెషనలిజం’. ఎంఐటీలో ప్రొఫెసర్‌గా పనిచేసిన వుడీ ఫ్లవర్స్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. గట్టిగా పోటీపడుతూనే ఎదుటివాళ్లను గౌరవించడం అని అర్థం. పక్క టీమ్ కేబుల్ మర్చిపోయి వస్తే మన దగ్గరున్నది ఇచ్చి, ఆ తర్వాత వాళ్లతో పోటీపడటం.

పెద్దవాళ్లు స్వచ్ఛందంగా నేర్పడం మన దేశానికి కొత్త కాదు. స్కూళ్లలో అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు ఉన్నాయని మీరు వినే ఉంటారు. 6 నుంచి 12వ తరగతి పిల్లల కోసం నీతి ఆయోగ్ వీటిని ఏర్పాటు చేయిస్తోంది. వాటికి ‘మెంటర్ ఆఫ్ ఛేంజ్’ పేరుతో వేరే వృత్తుల్లో ఉన్నవాళ్లు జీతం లేకుండా వారానికి ఒకటి రెండు గంటలు కేటాయిస్తారు. మనం మొదలుపెడుతున్నది కూడా అలాంటి పనే.

మొదటి శనివారం: ఆరు బొత్తాల ఆట

ఫస్ట్ లెగో లీగ్ రూల్స్‌లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఆట మొదట్లో టీమ్‌కి ఆరు టోకెన్లు ఉంటాయి. రోబో తన ఇంటి గడి దాటి బయట ఉన్నప్పుడు పిల్లలు దాన్ని చేత్తో పట్టుకుంటే రిఫరీ ఒక టోకెన్ తీసేసుకుంటారు. ఆట చివర ఆరు మిగిలినా ఐదు మిగిలినా 50 పాయింట్లే. నాలుగు మిగిలితే 35, మూడైతే 25. అలా తగ్గుతూ పోతాయి. అంటే మొదటిసారి చేయి పెడితే క్షమించేస్తారు. తర్వాత ప్రతిసారీ లెక్కే.

ఈ రూల్ పిల్లలకే ఎందుకు, పెద్దవాళ్లకు కూడా పెడదాం అనుకున్నాను. ట్రైనింగ్ మొదటి రోజు ప్రతి పేరెంట్‌కి ఆరు చొక్కా బొత్తాలు ఇస్తాం. ఎదురుగా ఇద్దరు పిల్లలు, ఒక కిట్. పావుగంటలో వాళ్లు ఒక చిన్న బండి కట్టాలి. మీరు ప్రశ్నలు అడగొచ్చు. ముక్క ముట్టుకుంటే ఒక బొత్తం పోతుంది. ల్యాప్‌టాప్ ముట్టుకున్నా పోతుంది. “అది కాదు, ఇది పెట్టు” అని వేలితో చూపించినా పోతుంది.

ఈ ఆటను వేసవి సెలవుల్లో కొందరు పేరెంట్స్‌తో ఒకసారి ఆడించి చూశాం. ఐదు నిమిషాలు తిరక్కముందే ఒక నాన్నగారి బొత్తాలన్నీ అయిపోయాయి. ఆయన నవ్వుతూ, “ఆఫీసులో నా టీమ్‌తో కూడా ఇంతే మేడమ్” అన్నారు. చివరికి ఆరు బొత్తాలూ నిలబెట్టుకున్నది ఇంట్లో బట్టలు కుట్టే ఒక అమ్మ. ఎలా ఆగగలిగారని అడిగితే, “నాకు తెలీదు కాబట్టి అడుగుతూ కూర్చున్నానండీ” అన్నారు. తెలియకపోవడం కోచ్‌కు లోటు కాదని ఆ రోజే మాకు అర్థమైంది.

రెండో శనివారం: జవాబు బదులు ప్రశ్న

చేతులు ఆపుకుంటే సరిపోదు. కోచ్ మౌనంగా కూర్చుంటే పిల్లలు విసిగిపోతారు. వాళ్లు చిక్కుకున్న చోట ఒక అడుగు ముందుకు వేయించే ప్రశ్న కావాలి. కొన్ని ఉదాహరణలు చూడండి.

పిల్లలు: “సర్, రోబో ఆ గీత దాకా వెళ్లట్లేదు.”
‘టైమ్ పెంచు’ అని చెప్పకండి. “చక్రం ఒక చుట్టు తిరిగితే రోబో ఎంత దూరం పోతుంది?” అని అడగండి. మన కిట్‌లో చక్రం వ్యాసం 5.6 సెంటీమీటర్లు. దాన్ని పైతో గుణిస్తే ఒక చుట్టుకు సుమారు 17.6 సెంటీమీటర్లు. గీత 70 సెంటీమీటర్ల దూరంలో ఉంటే దాదాపు నాలుగు చుట్లు కావాలి. ఈ లెక్క మీరు చెప్పొద్దు. ఒక స్కేలు, ఒక దారం ముందు పెట్టండి చాలు. మ్యాథ్స్ బుక్‌లో బట్టీపట్టిన వృత్త పరిధి సూత్రం అప్పుడు వాళ్ల చేతికి పనిముట్టుగా వస్తుంది.

పిల్లలు: “ఆంటీ, రోబో ఒక పక్కకు పోతోంది.”
“ప్రతిసారీ అదే పక్కకు పోతోందా, ఒక్కోసారి ఒక్కో పక్కకా?” అని అడగండి. ప్రతిసారీ ఒకే పక్కకైతే తప్పు తరచుగా రోబోలోనే ఉంటుంది. చక్రం వదులుగా ఉందేమో, బరువు ఒక పక్కన ఎక్కువైందేమో చూడాలి. ఒక్కోసారి ఒక్కో పక్కకైతే మొదలుపెట్టేటప్పుడు వాళ్లు దాన్ని ఒకే చోట, ఒకే దిశలో పెట్టడం లేదేమో, చక్రాలకు దుమ్ము పట్టి జారుతోందేమో.

పిల్లలు: “నిన్న గీతను చూసింది, ఇవాళ చూడట్లేదు.”
“నిన్నటికీ ఇవాళ్టికీ గదిలో ఏం మారింది?” అని అడగండి. కలర్ సెన్సర్‌కు గదిలో వెలుతురు తేడా వస్తే చదివే విలువ మారవచ్చు. నిన్న కర్టెన్ వేసి ఉందేమో. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు వెతకడానికి ఒక టీమ్‌కు అరగంట పట్టింది. మీరు చెబితే అర నిమిషం. కానీ పోటీ హాల్లో లైట్లు వేరుగా ఉన్నప్పుడు ఏం చేయాలో ఆ అరగంట గడిపిన పిల్లలకే గుర్తుంటుంది.

ప్రశ్న వేశాక లోపల పది దాకా లెక్కపెట్టండి. మనం సాధారణంగా రెండు అంకెలు కూడా ఆగం. పిల్లలు ఏడో ఎనిమిదో అంకె దగ్గర నోరు తెరుస్తారు.

ఇంకో మాట. మన పిల్లలు ఇంగ్లిష్ మీడియం. జడ్జిలకు ఇంగ్లిష్‌లోనే చెప్పాలని తంటాలు పడతారు. ముందు తెలుగులో చెప్పించండి. “మీ నానమ్మకు ఇది ఎలా పనిచేస్తుందో చెప్పు” అనండి. నానమ్మకు అర్థమయ్యేలా చెప్పగలిగిన పిల్లకు ఇంగ్లిష్ మాటలు దొరకడం కష్టం కాదు. ఇంగ్లిష్‌లో బట్టీపట్టి చెప్పిన పిల్ల రెండో ప్రశ్నకే ఆగిపోతుంది.

మూడో శనివారం: పదిసార్ల నోట్‌బుక్

ఒక్కసారి పని చేస్తే పిల్లలు ఎగిరి గంతేసి “అయిపోయింది” అంటారు. అక్కడ కోచ్ పని మొదలవుతుంది. ఒక నోట్‌బుక్‌లో పది గళ్లు గీయించండి. అదే ప్రోగ్రామ్‌ను పదిసార్లు నడిపించి టిక్, ఇంటూ పెట్టమనండి. పదికి నాలుగు వచ్చాయంటే పోటీ రోజు దాన్ని నమ్మలేం.

తర్వాత ఏదైనా మార్చాలి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. చక్రమూ మార్చి, వేగమూ మార్చి, చేయీ పొడిగిస్తే దేనివల్ల బాగుపడిందో ఎవరికీ తెలియదు. మళ్లీ పది గళ్లు. ఈ నోట్‌బుక్కే జడ్జిల ముందు పిల్లలకు అసలు బలం. “ముందు పదికి నాలుగు, ఇది మార్చాక పదికి ఎనిమిది” అని పేజీ తిప్పి చూపించే పిల్లకు వేరే ప్రిపరేషన్ అక్కర్లేదు.

ఆ నోట్‌బుక్ పై మూలలో ఆ రోజు ఎవరు ఏ పని చేశారో కూడా రాయించండి. మన టీమ్‌లలో నేను గమనించింది ఒకటుంది. మనం చూసుకోకపోతే రోబో దగ్గర మగపిల్లలు చేరతారు, చార్ట్ రాయడం, ప్రెజెంటేషన్ చేయడం ఆడపిల్లల మీద పడుతుంది. ఎవరూ కావాలని చేయరు, అలా జరిగిపోతుంది. నాలుగు వారాల పేజీలు తిరగేస్తే మీకే కనపడుతుంది. అందుకే ప్రతి రెండు వారాలకూ పనులు మార్చండి.

ఇవి మాత్రం తప్పనిసరి

ప్రాక్టీస్ జరిగినంతసేపూ గదిలో ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. ఏ కోచ్ కూడా ఒక్క పిల్లవాడితోనో, ఒక్క పిల్లతోనో మూసిన గదిలో ఉండకూడదు. పిల్లల ఫోన్లకు విడిగా మెసేజ్‌లు పంపకూడదు. ఏ కబురైనా పేరెంట్స్ ఉన్న గ్రూపులోనే. తమ బండిలో ఒంటరిగా దింపడాలు వద్దు. ఐడీ వెరిఫికేషన్ అందరికీ ఉంటుంది, నాతో సహా. దీన్ని అనుమానంగా తీసుకోవద్దని మనవి. రేపు మీ బిడ్డకు ఇంకొకరు కోచ్‌గా వచ్చినప్పుడు మీకు నిశ్చింతగా ఉండాలంటే ఈ పద్ధతి అందరికీ ఒక్కటిగా ఉండాలి.

మీ సొంత బిడ్డ ఉన్న టీమ్‌కి వీలైనంతవరకు మిమ్మల్ని కోచ్‌గా వేయం. ఎందుకో మీకు తెలుసు. ఇంట్లో హోంవర్క్ దగ్గర జరిగేదే ల్యాబ్‌లోనూ జరుగుతుంది.

“దీనివల్ల ర్యాంకు వస్తుందా మేడమ్?”

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది, కాబట్టి నేనే రాస్తున్నాను. రాదు. ఈఏపీసెట్‌లో గానీ జేఈఈలో గానీ రోబోటిక్స్‌కు మార్కులు లేవు. శనివారం రెండు గంటలు ఐఐటీ ఫౌండేషన్ వర్క్‌షీట్‌కు ఇస్తే అక్కడ ఇంకో నాలుగు లెక్కలు అవుతాయి. ఆ మాట దాచి మీ దగ్గర పేరు రాయించుకోవడం నాకు ఇష్టం లేదు.

మరి ఎందుకు? వర్క్‌షీట్‌లో లెక్క తప్పితే వెనక పేజీలో జవాబు ఉంటుంది. రోబో ఆగిపోతే వెనక పేజీ ఉండదు. ఎందుకు ఆగిందో తనే వెతుక్కోవాలి. తొమ్మిదిసార్లు తప్పినా పదోసారి కూర్చోవాలి. ఆ కూర్చునే ఓపిక మన పిల్లలకు ఎక్కడో ఒకచోట అలవాటు కావాలి. మనం గేర్లు మార్చేస్తే ఆ అలవాటు మనకు వస్తుంది, వాళ్లకు కాదు.

ఆ అమ్మాయి ఏమైంది?

రెండు వారాల తర్వాత నేనే క్లాసుకు వెళ్లి పిలిచాను. పాత చేతి ముక్కలు ఒక కవర్లో దాచి ఉంచాను. అవి ఆమె ముందు పెట్టి, “తప్పు నాది. నువ్వు కట్టింది నీకు చెప్పకుండా విప్పకూడదు. మళ్లీ కడతావా?” అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కట్టింది. మళ్లీ ఆగిపోయింది. ఈసారి నేను ఒక్కటే అడిగాను: “బలం చాలట్లేదా? లేకపోతే బలం ఎక్కడైనా వృథా అవుతోందా?”

మూడో రోజు ఆమె గేర్లు పెట్టలేదు. చేతిని సగానికి పొట్టిగా చేసి, రోబోను మీటకు ఇంకా దగ్గరగా నడిపించింది. చేయి పొట్టిదైతే అదే మోటారుతో చివర ఎక్కువ బలం వస్తుంది. పదికి ఎనిమిదిసార్లు లేచింది. నా జవాబు కంటే ఆమె జవాబులో ముక్కలు తక్కువ పట్టాయి. ఆ దారి నాకు తట్టనే లేదు.

ఈ ఏడాది ఆమె ఎనిమిదో తరగతి. కొత్త టీమ్‌లోని ఆరో తరగతి పిల్లలకు తనే కిట్ చూపిస్తోంది. మొన్న ఒక పిల్లవాడు ముక్క తప్పుగా పెడుతుంటే ఆమె చేయి ముందుకు రావడం చూశాను. సగం దూరం వచ్చి ఆగింది. “ఇలా పెడితే ఏమవుతుందో చూద్దామా?” అని అడిగింది.

ఈ నెల ఇంటి పని, పేరెంట్స్‌కి

వచ్చే ఆదివారం ఆరు బొత్తాలు జేబులో వేసుకోండి. మీ అబ్బాయో అమ్మాయో షూ లేసులు కట్టుకుంటున్నా, దోసె తిప్పుతున్నా, సైకిల్ చైన్ ఎక్కిస్తున్నా పక్కన నిలబడండి. మీ చేయి ముందుకు వెళ్లిన ప్రతిసారీ, “ఇటివ్వు, నేను చేస్తా” అన్న ప్రతిసారీ ఒక బొత్తం బల్ల మీద పెట్టండి. రాత్రికి ఎన్ని మిగిలాయో చూసుకోండి. ఒక్కటీ మిగలకపోయినా పర్వాలేదు, సిగ్గుపడాల్సిన పని లేదు. నావి మొదటిరోజు మధ్యాహ్నానికే అయిపోయాయి.

పేరు ఇవ్వాలనుకునేవారు క్యాంపస్ ఆఫీసులో గానీ క్లాస్ టీచర్ దగ్గర గానీ చెప్పండి. ఏం చదివారని మేము అడగం. మూడు శనివారాలు రాగలరా, పది దాకా లెక్కపెట్టగలరా అని మాత్రం అడుగుతాం.

మీ పిల్లల సైన్స్ టీచర్